బుట్ట జాతకం అడుగు చెక్కలో: నాంటకెట్ బుట్టల సేకరణ

పాత బుట్టల మర్మం తెలిసినవాళ్లు నాంటకెట్ బుట్ట చేతికి రాగానే ముందు దాన్ని బోర్లిస్తారు. అల్లిక ఎంత సన్నగా ఉంది, పిడి వంపు ఎంత తీరుగా వచ్చింది, మూత మీద తిమింగలం బొమ్మ ఎంత ముద్దుగా ఉంది అన్నవన్నీ తర్వాత. ముందు చూసేది అడుగున ఉన్న చెక్క బిళ్లను. సేకరణకు కొత్తవాళ్లు మాత్రం ఎక్కువగా మూత దగ్గరే ఆగిపోతారు. డబ్బు పోగొట్టుకునేదీ అక్కడే. తెగిన అల్లికను మళ్లీ అల్లొచ్చు. ఊడిన బొమ్మ స్థానంలో కొత్తది చెక్కి పెట్టొచ్చు. వందేళ్లపాటు బల్లల మీద, గచ్చుల మీద రాసుకుని అరిగిన చెక్కను మాత్రం నమ్మించేలా తయారుచేయడం చాలా కష్టం.

అమెరికా ఈశాన్య తీరంలో మాసచుసెట్స్ రాష్ట్రానికి చెందిన చిన్న దీవి నాంటకెట్. కేప్ కాడ్ నుంచి దాదాపు 48 కిలోమీటర్ల దూరంలో అట్లాంటిక్ సముద్రంలో ఉంటుంది. బుట్టల అల్లిక, చెక్కపని రెండూ ఒకే వస్తువులో కలిసిన జానపద కళల్లో ఆ దీవి బుట్టలకు ప్రత్యేకమైన చోటుంది. అక్కడ వాటిని లైట్‌షిప్ బాస్కెట్లు, అంటే దీపాల ఓడ బుట్టలు అంటారు. 19వ శతాబ్దం నాటి మంచి బుట్టల కోసం ఈ రోజుకీ వేలంపాటల్లో గట్టి పోటీ ఉంటుంది.

మన ఊళ్లలో మేదరులు అల్లే గంపను గుర్తు తెచ్చుకుంటే ఈ బుట్ట ప్రత్యేకత తేలిగ్గా అర్థమవుతుంది. గంపకు అడుగూ వెదురు బద్దే, పక్కలూ వెదురు బద్దే. బద్దల్ని ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పరిచి, మధ్యలోంచి అల్లుకుంటూ పైకి వస్తారు. అడుగుకీ పక్కకీ మధ్య గీత ఉండదు. నాంటకెట్ బుట్టలో ఆ గీత స్పష్టంగా ఉంటుంది. అడుగు మొత్తం ఒకే చెక్క బిళ్ల. పైన్, మేపుల్, చెర్రీ లాంటి కర్రను లేత్ మీద తిప్పి తీస్తారు. ఆ బిళ్ల అంచు మందంలో చుట్టూ సన్నటి గాడి కోస్తారు. ఓక్ లేదా హికరీ కర్రను పలచటి బద్దలుగా చీల్చి, కింది కొన సన్నబడేలా చిత్రిక పట్టి, ఒక్కో బద్దను ఆ గాడిలోకి దూరుస్తారు. ఇవే బుట్టకు నిలువు పక్కటెముకలు. వాటి చుట్టూ పేము పట్టీని ఒకసారి లోపలినుంచి, ఒకసారి బయటినుంచి తిప్పుకుంటూ అంచుదాకా అల్లుతారు.

ఈ పనంతా గాల్లో జరగదు. బుట్ట ఆకారంలో ఉన్న బరువైన కొయ్య అచ్చు ఒకటి ఉంటుంది. విరిగిన ఓడల తెరచాప స్తంభాల ముక్కల్ని అచ్చులుగా వాడేవారని దీవిలో చెబుతారు. అడుగు బిళ్లకు నడిమధ్యలో రంధ్రం చేసి, దాన్ని మర మేకుతో (స్క్రూతో) అచ్చుకు బిగిస్తారు. నానబెట్టిన బద్దల్ని అచ్చు మీదికి వంచి, కట్టి, ఆరనిస్తారు. అందుకే నాంటకెట్ బుట్టలు అంత నిండుగా, అంత కొలత ప్రకారం ఉంటాయి. ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోయే బుట్టల వరసలు రావడానికీ ఈ అచ్చే కారణం. వరసలో ఏడెనిమిది బుట్టలు ఉండొచ్చు. అన్నీ ఒకే చేతి పనిగా, ఒక్కటీ తప్పిపోకుండా దొరికిన వరస సేకరణకర్తలకు పెద్ద పండగ.

అల్లిక పూర్తయ్యాక మళ్లీ చెక్కపని మొదలవుతుంది. అంచుకు లోపల ఒకటి, బయట ఒకటి చొప్పున రెండు కర్ర కట్లు వేసి, చిన్న ఇత్తడి లేదా రాగి మేకులతో బిగించి, పైన పేముతో చుడతారు. పిడిని ఒకే కర్రముక్కలోంచి చెక్కి, ఆవిరికి మెత్తబరిచి, వంచుతారు. రెండు వైపులా అంచుపైకి పొడుచుకొచ్చిన చెవులుంటాయి. కొన్నిట్లో చెవి చెక్కదే, కొన్నిట్లో ఇత్తడి రేకుది. పిడి ఆ చెవుల దగ్గర రివిట్ మీద అటూ ఇటూ ఊగుతుంది. అలా ఊగే పిడి చెవి దగ్గర ఎక్కడ, ఎంత అరిగిందో గుర్తుపెట్టుకుంటే వయసు లెక్కలో అది బాగా పనికొస్తుంది.

ఇంత చెక్కపని తెలిసిన చేతులు ఆ దీవికి ఎలా వచ్చాయన్నదానికి జవాబు తిమింగలాల వేటలో ఉంది. 18వ శతాబ్దంలో, 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో నాంటకెట్ ప్రపంచంలోనే పేరుమోసిన తిమింగల వేట రేవు. పీపాలు చేసేవాళ్లు, పడవలు కట్టేవాళ్లు, తెరచాపలు కుట్టేవాళ్లు వీధివీధికీ ఉండేవారు. పీపా చెక్కల్ని వంచి గాడిలో కూర్చి కట్టు వేయడం, బుట్ట బద్దల్ని వంచి గాడిలో కూర్చి కట్టు వేయడం ఒకే కుదురులోంచి వచ్చిన పనులని చూడగానే తెలుస్తుంది. తర్వాత ఆ వైభవం వేగంగా పడిపోయింది. 1846 జూలైలో పెద్ద అగ్నిప్రమాదం ఊరి నడిబొడ్డును కాల్చేసింది. 1849లో కాలిఫోర్నియా బంగారం మగవాళ్లను గుంపులుగా లాక్కుపోయింది. 1859లో పెన్సిల్వేనియాలో రాతినూనె బయటపడ్డాక తిమింగలం నూనెకు గిరాకీ తగ్గుతూ వచ్చింది. 1869లో ఆ రేవు నుంచి ఆఖరి తిమింగల వేట ఓడ బయలుదేరింది. పనితనం మిగిలింది, పని మిగల్లేదు.

ఆ ఖాళీలోకి దీపాల ఓడ వచ్చింది. దీవికి దక్షిణంగా నీళ్లలో దాగిన ఇసుక దిబ్బలు ఓడలకు పెద్ద ప్రమాదం. అక్కడ దీపస్తంభం కట్టే వీలు లేదు. అందుకని స్తంభాల మీద దీపాలు వెలిగించుకున్న ఓడను లంగరు వేసి అక్కడే నిలిపేవారు. సౌత్ షోల్ అనే ఆ దిబ్బల దగ్గర ఈ ఏర్పాటు 1854లో మొదలైంది. దీవికి దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో, కదలని ఓడ మీద, నెలల తరబడి కాపలా. రాత్రి దీపాలు చూసుకోవాలి, పొగమంచు పట్టినప్పుడు గంట కొట్టాలి. మిగిలిన సమయమంతా ఖాళీ. ఒడ్డు నుంచే అడుగు బిళ్లలూ బద్దలూ సిద్ధం చేసుకుని పట్టుకెళ్లి, ఓడ మీద కూర్చుని బుట్టలు అల్లేవారు. సెలవు మీద ఒడ్డుకొచ్చినప్పుడు అమ్ముకునేవారు. ఆ కాపలా ఎంత ప్రమాదకరమో 1934 మే నెలలో జరిగిన ఘోరం చెబుతుంది. పొగమంచులో దారి కనబడక ఒలింపిక్ అనే భారీ ప్రయాణికుల ఓడ అప్పటి నాంటకెట్ లైట్‌షిప్‌ను ఢీకొట్టి ముంచేసింది. 7 మంది సిబ్బంది చనిపోయారు. బుట్టల పని అప్పటికే ఓడల మీద ఆగిపోయి ఒడ్డుకు చేరింది. పేరులో మాత్రం ఓడ ఉండిపోయింది.

నాంటకెట్‌లో పేము పెరగదు. ఇది ఆగ్నేయాసియా అడవుల్లోని ముళ్ల తీగ. ఆసియా నుంచి వచ్చే ఓడల్లో సరుకు కదలకుండా సందుల్లో కుక్కడానికి పేము కట్టలు వాడేవారు. అమెరికా రేవుల్లో దించాక వాటిని చెత్తగా పారేసేవారు. 1840లలో బోస్టన్ రేవులో సైరస్ వేక్‌ఫీల్డ్ అనే వ్యాపారి ఆ చెత్తను కొని అమ్మడం మొదలుపెట్టి, చివరికి పెద్ద పేము ఫర్నిచర్ కంపెనీకే యజమాని అయ్యాడు. మాసచుసెట్స్‌లో ఆయన పేరుతో ఒక ఊరే ఉంది. పైతొక్కను పట్టీలుగా చీల్చిన పేము అలా తేలిగ్గా దొరికే సరుకైంది. అమెరికా ఓక్ బద్ద, ఆసియా పేము పట్టీ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డ ఆ బుట్టను ఒక దీవి సొంత కళ అని పిలవడంలో తప్పేమీ లేదు. దాని అల్లికలో సగం మాత్రం మన సముద్రాల అవతలి అడవిదని గుర్తుంచుకోవాలి.

మళ్లీ అడుగు చెక్క దగ్గరికి వద్దాం. దాని మీద చదవాల్సినవి చాలా ఉన్నాయి.

మొదటిది ఆకారం. లేత్ మీద తీసిన బిళ్ల తీసిన రోజున కచ్చితంగా గుండ్రంగా ఉంటుంది. కర్ర ఆరే కొద్దీ నార వెంట దాదాపు కుంచించుకుపోదు, నారకు అడ్డంగా మాత్రం కుంచించుకుపోతుంది. అందుకని దశాబ్దాలు గడిచాక గుండ్రటి బిళ్ల ఒక వైపు రవ్వంత ఇరుకవుతుంది. కంటికి తెలియదు. కాలిపర్స్‌తో నార వెంట ఒకసారి, నారకు అడ్డంగా ఒకసారి కొలిస్తే తెలుస్తుంది. 20 సెంటీమీటర్ల బిళ్లలో ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా కనబడితే అది మంచి సూచన. అయితే పచ్చి కర్రతో చేసిన కొత్త బుట్టలోనూ ఈ తేడా రావచ్చు. కాబట్టి ఈ ఒక్క కొలతతోనే తీర్పు చెప్పకూడదు. కొలతలు రెండూ మిల్లీమీటరు తేడా లేకుండా సరిపోయిన బుట్టను 1870ల నాటిదని ఎవరైనా చెబితే మాత్రం రెండోసారి అడగాలి.

రెండోది అరుగుదల. నిజంగా వాడిన బుట్ట అన్ని వైపులా సమానంగా అరగదు. కుడిచేతి మనిషి రోజూ ఒకే తీరులో కింద పెడితే ఒక అంచు ఎక్కువ అరుగుతుంది. ఈడ్చిన గీతలు రకరకాల దిక్కుల్లో, రకరకాల లోతుల్లో ఉంటాయి. పాత గీతల్లో మట్టి నిండి నల్లబడితే, కొత్త గీతలు లేత రంగులో ఉంటాయి. గరుకు కాగితంతో రుద్ది తెచ్చిన అరుగుదలలో గీతలన్నీ ఒకే వయసువి, ఒకే సన్నదనంతో పక్కపక్కనే ఉంటాయి. ఒక చిన్న భూతద్దం, పక్కనుంచి పడే వెలుతురు ఉంటే చాలు, ఈ తేడా పట్టేయొచ్చు.

మూడోది నడిమి రంధ్రం. అచ్చుకు బిగించిన మర తీసేశాక ఆ రంధ్రాన్ని కర్ర చీలతోనో మేకుతోనో మూస్తారు. కొన్నిట్లో ఆ మూత ఒక చిన్న అలంకారం కూడా. ఆ చీల చుట్టూ కర్ర కుంచించుకున్న గుర్తులుండాలి, చీలకూ బిళ్లకూ రంగు ఒకే తీరుగా ముదిరి ఉండాలి. తల మీద ప్లస్ గుర్తు కోసిన మర కనబడితే, అది 1930ల తర్వాతే వాడుకలోకి వచ్చిందని గుర్తుంచుకోవాలి. దానర్థం బుట్ట కొత్తదని కాకపోవచ్చు, ఎవరో తర్వాత బాగుచేసి ఉండొచ్చు. ఏదైనా సరే, అమ్మేవాళ్లు దాని గురించి ముందే చెప్పారా లేదా అన్నది ముఖ్యం.

నాలుగోది లేత్ గీతలు. చాలా బిళ్లల అడుగున ఒకదాని లోపల ఒకటిగా గుండ్రటి సన్న గీతలుంటాయి. తిరుగుతున్న చెక్కకు ఉలి మొన తాకించి వేసిన అలంకారం ఇది. ఎన్ని గీతలు, వాటి మధ్య ఎంత ఎడం, అంచు వంపు ఎలా ఉంది అన్నవి పనివాడి అలవాట్లు. పేరు రాయని బుట్టను ఫలానావారిదని పోల్చుకోవడానికి సేకరణకర్తలు ఎక్కువగా వీటి మీదే ఆధారపడతారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. బిళ్ల ఒకరు తీసి, అల్లిక ఇంకొకరు చేసిన బుట్ట అయితే గీతలు లేత్ మీద కూర్చున్నవాడి సంగతే చెబుతాయి, అల్లినవాడి సంగతి చెప్పవు. అందుకే అడుగు బిళ్ల, పిడి చెక్కిన తీరు, చెవి ఆకారం మూడూ ఒకే మాట చెప్పినప్పుడే పేరు పెట్టడం న్యాయం. ‘ఫలానావారి పని కావచ్చు’ అని నిజాయతీగా రాసిన చీటీ, పెద్ద పేరును ధైర్యంగా తగిలించిన చీటీ కన్నా నమ్మదగినది.

పేము కూడా సాక్ష్యం చెబుతుంది కానీ కొంచెం తక్కువ నమ్మకంగా. కొత్త పేము గడ్డి రంగులో ఉంటుంది. వెలుతురు, గాలి, చేతి జిడ్డు తగిలే కొద్దీ తేనె రంగుకు, తర్వాత ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. బుట్ట లోపల వెలుతురు తక్కువ కాబట్టి లోపలి రంగు, బయటి రంగు ఒకేలా ఉండవు. రంగు నీళ్లలో ముంచిన నకిలీలో లోపలా బయటా, అల్లిక కింద దాగిన చోటా ఒకే రంగు పరుచుకుని ఉంటుంది. బద్దకూ పట్టీకీ మధ్య సందులో చూస్తే దొరికిపోతుంది. అల్లిక పట్టీల వెడల్పు కూడా చూడాలి. పాత బుట్టల్లో పట్టీలు చోట చోటా కొద్దిగా తేడాగా ఉంటాయి, అంచు దగ్గరికొచ్చేసరికి సన్నబడతాయి. అయితే యంత్రంతో చీల్చిన పేము 19వ శతాబ్దంలోనే బజార్లో ఉంది. కాబట్టి సమానంగా ఉన్నంత మాత్రాన కొత్తదని కొట్టిపారేయకూడదు.

ఇక పేరు చీటీలు. 19వ శతాబ్దం చివర్లో, 20వ శతాబ్దం తొలి సగంలో పనిచేసిన కొందరు తమ బుట్టల అడుగున అచ్చు కాగితం అతికించేవారు. విలియం డి. యాపిల్టన్, ఏ. డి. విలియమ్స్, ఫెర్డినాండ్ సిల్వారో పేర్లు అలా మనదాకా వచ్చాయి. విలియమ్స్, సిల్వారో చీటీల మీద ఆరెంజ్ స్ట్రీట్ చిరునామా ఉంటుంది, ఇద్దరిదీ ఒకే వీధి. తాత, కెప్టెన్ చార్లెస్ బి. రే దగ్గర్నుంచి వంశంగా పనిని అందుకున్న మిచీ రే, 1877లో పుట్టి 1956లో పోయిన మనిషి, తన చీటీ మీద ఒక చిన్న పద్యమే వేయించాడు. నాంటకెట్‌లో పుట్టిన గట్టి బుట్టను నేను, నన్ను పారేసుకోకుండా, తగలబెట్టకుండా చూసుకుంటే ఎన్నటికీ అరిగిపోను అని బుట్టే చెబుతున్నట్టుగా దాని భావం. పనిమీద అంత నమ్మకం ఉన్న చేతిని చూస్తే గౌరవం కలుగుతుంది.

చీటీ ఉంటే ధర పెరుగుతుంది. అందుకే చీటీలు ఒక బుట్ట మీదనుంచి ఇంకో బుట్ట మీదకు మారతాయి. దీన్ని పట్టుకోవడానికీ చెక్కే సాయం. పాత కాగితం కింద ఉన్న చెక్కకు గాలీ వెలుతురూ తగలవు. కాబట్టి అది చుట్టూ ఉన్న చెక్క కన్నా లేత రంగులో ఉంటుంది. కాగితం అంచు ఎక్కడైనా లేచి ఉంటే కింద ఆ లేత నీడ కనబడాలి. కాగితం కింద కూడా చెక్క నల్లగా, గీతలు పడి ఉంటే ఆ చీటీ ఆ బుట్టతో పాటు ముసలిదైనది కాదు. దీనికి విరుద్ధంగా, చీటీ ఊడిపోయినా దాని ఆకారంలో లేత మచ్చ మిగిలిన బుట్టలూ ఉంటాయి. అలాంటి మచ్చ కొలత తెలిసిన చీటీల కొలతతో సరిపోతే, అది దాదాపు సంతకంతో సమానం.

అందరి చూపూ ఆగే తిమింగలం మూత చరిత్ర నిజానికి అంత పాతది కాదు. లైట్‌షిప్ కాలం నాటి బుట్టలు మూత లేని పనిబుట్టలు. గుడ్లు, కూరగాయలు, కుట్టుసామాను, బజారు సరుకులు మోయడానికి చేసినవి. మూత, దాని మీద బొమ్మ ఉన్న చేతిసంచి లాంటి బుట్టకు రూపం ఇచ్చింది హోసే ఫర్మోసో రేయెస్. ఆయనది ఫిలిప్పీన్స్, అంటే పేము పెరిగే దేశం. హార్వర్డ్‌లో చదివి, స్వదేశంలో పాఠాలు చెప్పి, రెండో ప్రపంచ యుద్ధం చూసి, 1945లో కుటుంబంతో నాంటకెట్ వచ్చాడు. అంత చదువుకున్నా అక్కడ ఉపాధ్యాయ ఉద్యోగం దొరకలేదు. మిచీ రే దగ్గర బుట్టలు నేర్చుకున్నాడు. 1948లో మూత ఉన్న కోలగుండ్రటి బుట్టను తయారుచేసి దానికి ఫ్రెండ్‌షిప్ బాస్కెట్ అని పేరు పెట్టాడు. మూత మీద చెక్క పలక, పలక మీద తిమింగలం. ఆ తిమింగలాల్ని చెక్కినవాళ్లలో మొదట చెప్పుకోవాల్సిన పేరు చార్లీ సేల్. 1980లో రేయెస్ చనిపోయేనాటికి ఆ బుట్ట దీవికే గుర్తుగా మారిపోయింది.

బతుకుతెరువు కోసం వచ్చిన పరదేశి ఒక దీవి కళను పడిపోకుండా నిలబెట్టాడన్నది చిన్న విషయం కాదు. 20వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి పాత తరం పనివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. పనిబుట్ట చేసే పనిని తేలికపాటి బకెట్లూ సంచులూ చేసేస్తున్నాయి. బుట్ట మూత వేసుకుని చేతిసంచి అవడంతో మళ్లీ కొనేవాళ్లు దొరికారు. రేయెస్ బుట్టల అడుగు చెక్క మీద ఆయన పేరు, దీవి ఆకారపు గీత ఉంటాయి. అక్కడా సంతకం కోసం చూడాల్సింది చెక్క మీదే.

ఈ మూతల దగ్గర చట్టం అడ్డొస్తుంది. చాలా తిమింగలం బొమ్మలు, చీలలు, గుబ్బలు దంతంతో చేసినవి. అది ఏ దంతం అన్న ప్రశ్నకు జవాబు లేకుండా కొనకూడదు. అమెరికాలో 1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం, 1973 నాటి అంతరించిపోతున్న జాతుల చట్టం తిమింగలం పన్ను మీద గట్టి ఆంక్షలు పెట్టాయి. పురావస్తువు కింద మినహాయింపు కావాలంటే 100 ఏళ్లు నిండాలి, రుజువు చూపించాల్సింది దాన్ని చేతిలో ఉంచుకున్నవాళ్లే. 1948లో పుట్టిన మొట్టమొదటి ఫ్రెండ్‌షిప్ బుట్టకైనా 2048 దాకా ఆ వయసు రాదు. ఆఫ్రికా ఏనుగు దంతానికి 2016 నుంచి ఇంకో నిబంధనల వరస ఉంది. అందులో 200 గ్రాములకు లోబడిన చిన్న భాగాలకు, కొన్ని షరతులతో, దేశంలోపల అమ్మకానికి మినహాయింపు ఉంది. అంటే పక్కపక్కన పెట్టిన రెండు బుట్టల్లో ఒకదాని తిమింగలం ఏనుగు దంతం, ఇంకోదానిది తిమింగలం పన్ను అయితే రెండింటికీ రెండు రకాల చట్టాలు. అడ్డంగా కోసిన ముఖం మీద ఒకదాన్నొకటి ఖండించుకునే వంపు గీతలు కనబడితే అది ఏనుగు జాతి దంతం. తిమింగలం పన్నులో ఒకదాని లోపల ఒకటిగా పొరల గీతలుంటాయి. ప్లాస్టిక్‌లో ఏ గీతా ఉండదు, లేదా మరీ సమానంగా ఉంటుంది.

న్యూజెర్సీలోనో బోస్టన్‌లోనో ఉన్న తెలుగు కుటుంబాలు ముచ్చటపడి అలాంటి బుట్ట కొని, సెలవులకు హైదరాబాద్ తెచ్చుకుందామనుకుంటే అది చాలా టెన్షన్ తెచ్చే ఆలోచన. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచి ఉంది. ఆఫ్రికా ఏనుగు దంతం వ్యాపారాన్ని కూడా 1991 సవరణతో నిషేధించారు. అనుమతి పత్రాలు లేకుండా దంతం సరిహద్దు దాటడం నేరం, బొమ్మ బొటనవేలంత ఉన్నా సరే. చెక్కతో చెక్కిన తిమింగలం ఉన్న బుట్టకు ఈ గొడవ లేదు. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఈ కళలో చెక్కపని గొప్పతనం దంతపు బొమ్మలో లేదు, అది మూత లేని పాత పనిబుట్ట పిడిలోనే ఎక్కువ కనిపిస్తుంది.

అందుకే సేకరణ మొదలుపెట్టేవాళ్లకు మూతబుట్ట కన్నా, పేరు లేని, మధ్యరకం కొలత ఉన్న, గుండ్రటి పనిబుట్టే మంచి గురువు. ఒకటి రెండు బద్దలు విరిగినా ఫరవాలేదు. పిడి పాతదేనా, అడుగు పాతదేనా అన్న రెండు ప్రశ్నలకు అవునన్న జవాబు వస్తే చాలు. పిడి మార్చిన బుట్టలు చాలా ఉంటాయి. చెవి లోపలి అరుగుదల, పిడి కొన అరుగుదల ఒకదానికొకటి అతికినట్టు సరిపోవాలి. చెవి బాగా అరిగి, పిడి కొన నునుపుగా కొత్తగా ఉంటే అవి రెండూ కలిసి బతికినవి కావు. ఇలాంటి ఒక్క బుట్టను ఏడాదిపాటు చేత్తో పట్టుకుని, తిప్పి, వెలుతురులో చూస్తే వచ్చే జ్ఞానం పది కేటలాగుల్లో దొరకదు. నాంటకెట్ హిస్టారికల్ అసోసియేషన్ ఈ బుట్టల్ని శ్రద్ధగా సేకరించి చూపిస్తోంది. కొనే ముందు అక్కడ పేరున్న బుట్టల్ని చూడటం అన్నిటికన్నా చవకైన పాఠం.

బాగుచేయించే విషయంలో ఆత్రం పనికిరాదు. తెగిన పేము చివర్లు ఇంకా తెగకుండా కట్టించడం వరకు మంచిదే. మొత్తం అల్లిక విప్పించి కొత్త పేము వేయిస్తే మిగిలేది పాత అడుగు మీద కొత్త బుట్ట. వార్నిష్, నూనె, మైనం ఏదీ రాయకూడదు. అడుగు చెక్క మీద పేరుకున్న మట్టిని తోమి మెరిపిస్తే పైన చెప్పుకున్న సాక్ష్యాలన్నీ ఒక్క పూటలో పోతాయి. మెత్తటి కుంచెతో దుమ్ము దులపడం చాలు. పిడి పట్టుకుని ఎత్తడం, పిడితో మేకుకు తగిలించడం రెండూ వద్దు, రెండు చేతులతో అడుగు కింద పట్టుకుని ఎత్తాలి. తేమ 50 శాతానికి అటూ ఇటూగా నిలకడగా ఉంటే కర్రా పేమూ రెండూ సుఖంగా ఉంటాయి. చలికాలంలో హీటర్ పక్కన పెడితే అడుగు బిళ్ల కుంచించుకుని గాడిలో బద్దలు వదులవుతాయి. మన కోస్తా జిల్లాల్లాంటి ఉక్క వాతావరణంలోనైతే బూజు, పుచ్చు పురుగు భయం. సన్న రంధ్రాలు, కింద పిండిలాంటి పొడి కనబడితే ఆ బుట్టను వెంటనే మిగతావాటి నుంచి వేరుచేసి, గాలి చొరని కవర్లో పెట్టి, నిపుణుల సలహాతో గట్టిగా గడ్డకట్టించే పద్ధతిలో పురుగును చంపించాలి. మందు కొట్టడం వద్దు.

చివరిగా కాగితం పని. ఎవరి దగ్గర, ఎప్పుడు, ఎంతకు కొన్నది, వాళ్లకు అది ఎలా వచ్చిందని చెప్పారు, ఏ భాగం బాగుచేయించారు అన్నవన్నీ ఒక చీటీ మీద పెన్సిల్‌తో రాసి, అడుగు చెక్క, లేత్ గీతలు, పిడి చెవి ఫొటోలు జతచేసి ఉంచాలి. ఆ చీటీని బుట్టలోపల విడిగా పెట్టాలి. అడుగు చెక్కకు మాత్రం ఏదీ అతికించకూడదు.